ముప్పయ్యేడో డబ్బా

పల్లిపాలెం ఐసు ఫ్యాక్టరీలో
పదకొండేళ్లుగా రాత్రి డ్యూటీ నాది.
కంప్రెసర్ మోగినంతసేపూ కునుకు పడుతుంది,
ఆగితే మెలకువొస్తుంది.

చెక్కమూతల కింద ఉప్పునీళ్ల తొట్టి,
అందులో మెడలోతు మునిగి నూట ఇరవై డబ్బాలు.
ఉప్పునీళ్లు గడ్డకట్టవు,
వాటి చలికి డబ్బాల్లో మంచినీళ్లు బిగుసుకుంటాయి,
అంచుల్నించి లోపలికి, మెల్లగా,
పిడికిలి మూసినట్టు.
చివరికి నడిమధ్యన చెంబెడు నీళ్లు మిగులుతాయి.
ఎటూ పోయే దారుండదు వాటికి.
అప్పుడు, ఒక్కో రాత్రి, ఏదో ఒక డబ్బాలో
పైపెంకు చిట్లుతుంది.
లోపలి నీళ్లు ఉబికొచ్చి, ఉబికినచోటే గడ్డకట్టి
చీమలపుట్టంత కొండ లేస్తుంది.
గునపంతో దాన్ని కొట్టేసి దిమ్మ లోడు చేస్తాం.
సరంగుకి కొండెందుకు, తూకం కావాలి గానీ.

అంతర్వేది తీర్థం వెళ్లిన వారానికి
జమీలా టీచరు వచ్చారు, వెనకాల సైకిలు మీద
తొమ్మిదో తరగతి పిల్ల, ఓలేటి దైవకృప.
"సత్తిపండూ, సైన్సు ఫేరుకి సగం దిమ్మ ఇప్పించు.
శనిగ్రహం చందమామని చెయ్యాలి."
శని పేరెత్తగానే లోడింగు నూకరాజు
చెప్పులు వదిలి చెంపలేసుకున్నాడు.

ఉప్పుబస్తా మీద కూర్చుని ఆవిడ చెప్పారు.
అక్కడా వానలట, ఏరులట, ఏరు కలిసే మడుగులట.
కురిసేది మాత్రం నీరు కాదు,
మా కొబ్బరితోటల కింద గొట్టాల్లో పోయే గ్యాసే
ఆ చలికి చినుకై రాలుతుందట.
ఒక్కో రుతువూ ఏడున్నరేళ్లు.
"మనకి ఏలినాటి శని, వాళ్లకో వానాకాలం!"
నూకరాజు నవ్వలేదు.

నారింజరంగు మసక కింద ఒక కొండ,
దాని పక్కనే నిలువులోతు గొయ్యి,
గొయ్యిలోంచి ఏదో పొంగి పారిన జాడ.
చూసింది రాడారు, కన్ను కాదు.
ఆ కొండ నిప్పు కక్కదట,
రాయిలాంటి ఐసుని చీల్చుకుని
చిక్కటి చన్నీళ్లు కక్కి ఉండొచ్చట.
"అంత చలిలో నీళ్లు నీళ్లుగా ఎలా ఉంటాయండి?"
"అమ్మోనియా కలిస్తే ఉండొచ్చు."

అమ్మోనియా!
ఆయ్, నాకు తెలీనిదా.
ఈ నూగుపట్టిన గొట్టాల్లో తిరిగేది అదే.
వాల్వు పగిలిన రాత్రి తడితువ్వాలు మొహానికి చుట్టుకుని
పాకుతూ వెళ్లి చక్రం తిప్పినవాణ్ణి,
ఎడమకన్ను ఇప్పటికీ తూరుపుగాలికి కారుతుంది.
అన్ని కోట్ల కోసుల అవతల, పీల్చే ముక్కే లేనిచోట
అదే ఘాటు ఉందంటే
ఎక్కడో మావాళ్లున్నారని కబురందినట్టయింది.

ముప్పయ్యేడో డబ్బా మూత తీసి చూపించాను.
అప్పుడే చిట్లింది. ఇంకా తడిగా ఉంది మొన.
పిల్ల అరచెయ్యి ఆనించి, "ఇదేనా మేడం?"
"ఇలాంటిది కావచ్చు.
అట్టమీద 'ఉంది' అని రాయకమ్మా, 'కావచ్చు' అని రాయి."

రాజోలులో మధ్యాహ్నానికే చందమామ సగమైందట.
జడ్జిగారు బల్లకింద తడిసిన బూట్లు చూసుకుని
"అగ్నిపర్వతం ఉందా లేదా, తేల్చి చెప్పు" అన్నారట.
"తేలలేదండి. మళ్లీ వెళ్లి చూడాలి" అందట దైవకృప.
ప్రైజు బిందుసేద్యానికి వెళ్లింది.

అప్పట్నించీ ఆ డబ్బా మీద గునపం ఎత్తను.
కొండతో సహా ఎక్కిస్తాను పడవలోకి.
మొగ దాటి, వంజరాల మీద, అది కరుగుతుంది.
"తూకం ఎక్కువొచ్చిందేటి?" అంటాడు సరంగు.
"ఇవాళ చేప ఎక్కువ పడొచ్చు" అంటాను.

ఈ రాత్రి నూట ఇరవైలో ఎక్కడా ఏమీ లేవలేదు.
ముప్పయ్యేడు నున్నగా ఉంది.
మూత వేశాను.
టీ తాగొచ్చి, మళ్లీ తీసి చూశాను.