బూజు ధర

మా పెకలోంగన్‌లో
రేపు బజారుకి ఏ రంగు బాతిక్ వెళ్తుందో
ముందు నదికే తెలుస్తుంది.
ఒకరోజు ఎరుపు, ఒకరోజు పసుపు,
పండగ ముందు నెలంతా ముదురు నీలం.
రంగు చూసి పిల్లలు వారం చెప్పేవాళ్ళు.
నా మోచేతుల దాకా కూడా అదే క్యాలెండర్.

ఇరవై రెండేళ్ళు మైనం కరిగించాను, గుడ్డలు జాడించాను.
జాడించిన నీళ్ళు గుంటలోకి, గుంటలోంచి కాలవలోకి.
కాలవ ఎటు పోతుందో అడగలేదు.
తాగే నీళ్ళు మాత్రం డబ్బాల్లో కొనుక్కున్నాను.

గోడకవతల వార్సితి.
సోయా గింజలు ఉడకబెట్టి, పొట్టు తీసి,
ఆకుల్లో పొట్లాలు చుట్టి, గోనె కప్పి నిద్రపుచ్చుతుంది.
రెండో తెల్లారికి గింజనీ గింజనీ కలిపి కుట్టేస్తుంది
తెల్లటి బూజు.
బూజంటే దులిపేదనుకుంటాం గానీ
ఆవిడకి అది తూచి అమ్మేది.
కాస్త ముగ్గితే కూరలోకి రుచే.
నల్లబడి పొడి రాలిందా,
కోళ్ళు కూడా మొహం తిప్పుకుంటాయి.

ఆ డిసెంబరులో సముద్రం మళ్ళీ ఇంట్లోకొచ్చింది.
వానతో కాదు, నిండు చంద్రుడితో వచ్చే నీళ్ళు.
వాటికి తలుపు తట్టే అలవాటు లేదు.
మంచాన్ని ఇటుకల మీదికెక్కించాం.
వార్సితి నల్లబడ్డ తెంపే, గంపలకు గంపలు,
తేలుకుంటూ వచ్చి మా గుంటలో పడింది.
ఆవిడ తిట్టింది. నేనూ తిట్టాను.

నాలుగో రోజు నీళ్ళు తీశాక చూస్తే
గుంట తేటగా ఉంది.
తేట కాదు,
బియ్యం కడిగిన నీళ్ళలా ఉంది.
అడుగున ముక్కలు మాత్రం
పెళ్ళికి ముస్తాబైనట్టు నీలంగా.

"సముద్రం పలచన చేసిందేమో" అంది నింగ్రుమ్,
కాలేజీలో చదివే మా ఆడబడుచు కూతురు.
రెండు సీసాల్లో మా రంగే పోసి
ఒకదాంట్లో బూజు వేసి
రాత్రంతా ఫోను వెలుగులో చూస్తూ కూచుంది.
తెల్లారి కళ్ళు ఎర్రగా నవ్వింది.
"మరగబెట్టి చంపేసినా పనిచేస్తుంది అత్తా.
ఎండబెట్టి దంచు.
కాస్త చింతపులుపు పిండితే ఇంకా గట్టిగా పట్టుకుంటుంది."
"రంగు తినేస్తుందా?" అన్నాను.
"తినదు. ఒంటికి అంటించుకుంటుంది, అంతే."

చచ్చాక కూడా పట్టు వదలని గుణం
మా అత్తగారిలో తప్ప
ఎక్కడా చూడలేదు నేను.

ఇప్పుడు ఏడు గుంటల్లో ఒక్కదానికి
ఒక పీవీసీ గొట్టం, చిరిగిన దోమతెర, మధ్యలో నల్లపొడి.
పైనుంచి నీలం పోస్తాను.
కింద ఒక్కో చుక్కా
ఏ రంగులో రావాలో మరిచిపోయినట్టు
ఆగి ఆగి పడుతుంది.
మిగతా ఆరింటికీ యజమాని "చూద్దాం" అన్నాడు.
వార్సితి, నల్లబడ్డదానికీ
మంచిదాని ధరే అడుగుతోంది.

నీలం ఎక్కిన పొడి మెట్ల కింద డ్రమ్ముల్లో ఉంది.
మూడు నిండాయి.
కాలిస్తే పొగ, పాతితే మన్ను,
పారేస్తే మళ్ళీ నదే.
ఏం చెయ్యాలో కనుక్కుంటానని వెళ్ళింది నింగ్రుమ్,
ఇంకా ఫోను చెయ్యలేదు.

ఎల్లుండి పున్నమి.
డ్రమ్ముల్ని ఒక్కొక్కటే దొర్లించుకొచ్చి
మంచం పక్కన
ఇటుకల మీదికెక్కించాను.