నేల తీగ

కెమి దాటాక మా గరాజు. ఫిబ్రవరి. హీటరు గొణుగుతోంది.
అన్న డాట్సన్‌కి పుట్టుకతో వచ్చింది ఒక్క ఎర్ర దీపం.
ఆయిలు ఉన్నంతసేపూ నోరు మెదపదు,
వెలిగిందంటే అప్పటికే అంతా అయిపోయినట్టు.
అమ్మ దాన్ని నాన్నతో పోల్చేది.
పాత ఇంజను అలాగే పట్టేసింది, తోర్నియో దారిలో.
మంచులో నాలుగు కిలోమీటర్లు నడిచాం, ఉలుకూ పలుకూ లేకుండా.

అందుకే ఈ మూడు మీటర్లు:
ఆయిలు ఒత్తిడి, నీళ్ల వేడి, వోల్టులు.
ఓలు పాతసామాన్ల సంతలో కొన్నాను,
ఒకదాని అద్దం మీద ఎవరిదో గోటి గీత.

వేయిక్కో వెల్లకిలా పడుకుని
డ్యాష్‌బోర్డు కడుపులోకి తల దూర్చాడు.
కాగితం మిల్లులో ఇరవై ఆరేళ్లు మోటార్లకి తీగ చుట్టినదాన్ని,
టెస్టు ల్యాంపు పట్టుకుని ఒక్కో తీగనీ అడుగుతున్నాను:
తాళం తిప్పితేనే మేలుకునేదానివా?
తిప్పకపోయినా నిద్రపోనిదానివా?
'నిద్రపోనిదాన్ని ముట్టుకోకు సైమీ,
తెల్లారేసరికి బ్యాటరీని తాగేస్తుంది.'

ఇక నల్ల తీగ. దీన్ని ఎర్త్ అంటారు.
నాకెప్పుడూ నవ్వొస్తుంది.
నాలుగు రబ్బరు చక్రాల మీద నిలబడి
ఎక్కడా నేల తాకని బండికి భూమేమిటి?
తన ఒళ్లే తనకి నేల.
రంగు గీకాలి, తుప్పు గీకాలి,
ఇనుము తళుక్కుమనేదాకా గీకితే గానీ ఒప్పుకోదు.

పొగ పోవడానికి తలుపు బార్లా తీసి
తాళం తిప్పాం.
వోల్టులు లేచాయి. వేడి బద్ధకంగా కదిలింది.
ఆయిలు ముల్లు సున్నా మీదే పడి ఉంది.
ఆపు, ఆపు, అని అరిచాను.

డిప్‌స్టిక్కు చూస్తే నిండుగానే ఉంది.
ఫ్యూజు బాగుంది. తీగ బాగుంది.
గంట తర్వాత సెన్సరు విప్పితే
మరల చుట్టూ తెల్ల టేపు, ఐదు చుట్లు.
చుక్క కూడా కారకూడదని నేనే చుట్టాను.
కారలేదు. ఇంజను ఒంటికి అది తగలనూ లేదు.
ఒత్తిడి ఉంది, చెప్పుకునే దారే లేదు.
గోళ్లతో ఒలిచేసి, ఇత్తడిని ఇనుముకి బిగించాను.

ముల్లు లేచి నాలుగు దగ్గర నిలబడింది, కాస్త వణుకుతూ.
గరాజు లైటు ఆర్పి కారులో కూర్చున్నాం.
గుండ్రటి పచ్చ వెలుగులు మూడు అతని గడ్డం మీద.
ఎక్కడికీ వెళ్లే పని లేదు. చూస్తున్నాం, అంతే.

'ఎడమ చెయ్యి తిమ్మిరెక్కుతోంది,' అన్నాడు
ముల్లు వంకే చూస్తూ. 'క్రిస్మస్‌కి ముందు నించీ.'

ఇంజను ఆపలేదు నేను.
ఇటు జరుగు, అన్నాను. బెల్టు లాగి పెట్టాను.
ఆసుపత్రి పదకొండు కిలోమీటర్లు.
వోల్టులు పదమూడున్నర.