చెంగమ్మకు తెలివి ఆరు

పెరంబూరులో జిరాక్స్ షాపు మీది గది.
శనివారం రాత్రి. ఫ్యాను రెండో నంబరు దాటదు.
కాగితం మీద పెన్సిల్‌తో కన్నాను దాన్ని:
పేరు చెంగమ్మ, చేతిలో గండ్రగొడ్డలి,
బలం పద్దెనిమిది, తెలివి ఆరు.

"ఆరేనా?" అన్నాడు ఆట నడిపే ఇళవరసన్.
ఆరు చాలు.
వారమంతా ఇన్సూరెన్సు ఆఫీసులో
ఎవరెవరి ప్రమాదాల్లోనో అబద్ధాలు ఏరి ఏరి
బుర్ర అరిగిపోయినదాన్ని,
ఒక్క పూట మొద్దులా బతకనివ్వండి.

ఈ రాత్రి గుహలో రాతి తలుపు.
తలుపు పొడుపుకథ వేసింది, తమిళంలో.
మాంత్రికుడు మెహబూబ్ లేని గడ్డం నిమురుకున్నాడు.
దొంగ సుగుణవల్లి నిజంగానే గోళ్ళు కొరికింది.
నాకు జవాబు తెలుసు,
పక్కింటి పాట్టి ఎప్పుడో చెప్పిందే అది.
నాలుక చివర ఉప్పుకల్లులా కరుగుతోంది.
చెంగమ్మకు తెలీదే!
మింగేశాను.
గొడ్డలెత్తి, పాచిక విసిరాను.

అది బల్ల దాటి బీరువా కిందికి దొర్లింది.
సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది.

"ముట్టుకోవద్దు! ఎంత పడిందో చూడండంతే!"
నలుగురం నేల మీద బోర్లా.
ఫోను వెలుగులో బూజు, చొక్కా బొత్తాం,
ఎప్పటిదో ఎండిన నిమ్మచెక్క.

పైన బల్ల మీద చెంగమ్మ ఒక్కతే ఉంది.
ప్రాణం ఎంతో రాసుకునే గడిలో
చెరిపి రాసి, రాసి చెరిపి
కాగితం ఉల్లిపొరైంది.
ఇంకొక్కసారి రబ్బరు తగిలితే చిల్లే.

ఎవరూ ఇంకా అంకె చెప్పట్లేదు.