ఎటూ పోనేదు

చీపురుపల్లి రైలుగేటు లేచింది.
క్లచ్ తొక్కాను.
పెడల్ నేలదాకా వెళ్ళి
అక్కడే పడుకుంది.

వెనక గోగునార లారీ ఒకటే హారన్.
ముప్పై ఏళ్ళ అంబాసిడర్ని
నలుగురు తోసి టీ బడ్డీ పక్కకి చేర్చారు.

తవిటినాయుడు ముందు బానెట్ ఎత్తలేదు.
కాళ్ళు రోడ్డు మీదికి చాచి
తల పెడల్ కిందికి దూర్చి
చేత్తో నొక్కాడు, వేలితో పైకి లాగాడు,
మళ్ళీ నొక్కాడు,
చేపుకి రాని గేదె పొదుగు తడిమినట్టు.

మ్యాట్ ఎత్తాడు. తడి లేదు.
బండి కింద దూరి స్లేవ్ సిలిండర్ తుడిచాడు.
గుడ్డకి దుమ్మే అంటింది.
అప్పుడు తీశాడు బానెట్. ఆయిల్ డబ్బాలో
అంచుదాకా నల్లటి కషాయం.

"కారనప్పుడు ఇదేటి మరి?"

"ఎటూ పోనేదు బావూ.
మాస్టర్ సిలిండర్లోన వాసరు అరిగిపోనాది.
నువ్వు తొక్కిన బలం ముందుకెల్లక
పక్కమ్మట ఎనక్కొచ్చేస్తంది."

విప్పి నా అరచేతిలో పెట్టాడు:
రేగుపండంత లేని రబ్బరు గిన్నె,
ఒకవైపు అంచు మెత్తబడి.

కొత్తది విజయనగరంలోనే దొరుకుతుందట.
బస్సెక్కి నిలబడ్డాను.
డ్రైవరు గేరు మార్చినప్పుడల్లా
నా ఎడమకాలు
ఉత్తి రేకుని తొక్కుతోంది.