తాండ్ర డబ్బా

ముప్పై ఏండ్లు దామలచెరువు మండీలో
తోతాపురి కాయలు ఏరినోణ్ణి.
తొడిమ దగ్గర బొటనవేలు ఆనిస్తే చాలు,
ఏది మాగుతుందో ఏది మురుగుతుందో చెప్పేస్తా.
టెంకలో పురుగు మాత్రం నాకూ దొరకదు.
పిందెలోనే దూరుతుంది, దూరిన గాటు పూడిపోతుంది,
కాయతో పాటు తానూ పెరుగుతుంది
చప్పుడు లేకుండా.

మా అన్న మొగిలప్ప కడుపు అట్లాంటిదే.
మొలలనుకున్నాం.
రెండేండ్లు ఆకుపసరు తాగించినాం.
దొంగ తూకాన్ని నలుగురిలో నిలదీసిన మనిషి
రక్తం పడతా ఉందని చెప్పేదానికి
సిగ్గుపడి చచ్చిపోయినాడు.

ఇప్పుడు నా వంతు.
తిరుపతి డాక్టరమ్మ తెల్ల డబ్బా చేతికిచ్చి
"గొట్టమేసి చూసే పని తర్వాత, అవసరమైతేనే.
ముందు ఇది నింపి పంపు" అనింది.
పేగు గోడ నుంచి రోజూ కణాలు రాలతాయంట.
చెడిన కణంలో జన్యువు రాత మారి ఉంటుందంట.
చెంబెడు నీళ్ళు పోసి, మొహం తిప్పుకొని
మనం తోసేసేదాంట్లో
ఆ రాతను కూర్చోని చదువుతారంట, ఎవరో,
మన పేరు కూడా ఎరగనోళ్ళు.

కొరియరు పిల్లోడు డబ్బా అటూ ఇటూ తిప్పి
"ఏముంది తాతా?" అన్నాడు.
"మామిడి తాండ్ర" అన్నా.
"తాండ్రకి ఈ స్టిక్కరు ఎయ్యరు తాతా" అని
నవ్వకుండా
సంచిలో నిలువుగా పెట్టుకున్నాడు,
గుడ్లు పెట్టుకున్నట్టు.

పది రోజులు పడుతుందంట.
రాత్రి నిద్ర రాక
బొడ్డు దగ్గర బొటనవేలు ఆనించి చూసుకుంటా.
ముప్పై ఏండ్ల వేలు.
ఏమీ చెప్పదు.