తువ్వాలు కింద బేరం

మా నాయన ఎద్దుల బేరగాడు.
తువ్వాలు కింద వేళ్ళు పట్టుకొని
నోరు మెదపకుండా ధర తేల్చేటోడు.
నేనేమో నోటితోనే బతుకుతున్నా.

పత్తికొండలో, టమేటా మండీ పైన మేడగది.
గోడలకు అమ్మ కుట్టిన బొంతలు కట్టి
మైకు ముందు ఉరుకుందప్పను కూర్చోబెట్టినా.
బోర్లు ఎన్ని ఎండిపోయినాయని అడిగితే
ఆయప్ప ఆలోచిస్తాడు.
పదకొండు సెకన్లు.
కింద ఆటో ఒకటి హారన్ కొట్టుకుంటా పోతుంది.
"ఏడు" అంటాడు.

ఆ భాగాన్నే
నాలుగువేల మంది మళ్ళీ మళ్ళీ విన్నారు.

టీవీ చానలాయన హైదరాబాదు నుంచి వచ్చినాడు.
ప్రకటనల్లో సగం మీకు, పేరు మాది,
ఆ గ్యాపులు మాత్రం కత్తిరిద్దాం అన్నాడు.
సగమంటే తక్కువేం కాదు.
గది బాడుగ మూడు నెలలది బాకీ.

కాగితం పక్కకు జరిపి
దుమ్ము పడకుండా మైకు మీద కప్పే
నాయన తువ్వాలు తీసి
ఇద్దరి చేతుల మీద పరిచినా.
ఆయనకు అర్థం కాలేదు.
ఎట్ల పట్టుకోవాలో చూపిచ్చినా:
ఈ వేలు వాటా, ఇది పేరు.
చిటికెన వేలు ఆ పదకొండు సెకన్లు,
దాన్ని ముట్టుకోవద్దు సార్.

కింద గంపల వేలం మొదలైంది.
ఆయన చెయ్యి ఇంకా తువ్వాలు కిందనే ఉంది,
చెమట పట్టి.