చెంగమ్మ చెప్పుల సైజు

ఎట్ట రాస్తావక్కా అని అడిగినావు గదా,
దయ్యం, ప్రేమ, నవ్వు, మూడూ ఒకే కుండలో.
చెప్తా. ముందు ఆ ఫ్యాను తగ్గించు,
కాగితాలు లేస్తుండాయి.

మా చెంగమ్మ చచ్చిపోయి తొంభై ఏళ్లు.
పెన్న పొంగినప్పుడు కొట్టకపోయినానని తను చెప్తాది,
మొగుడి మీద అలిగి దూకిందని
మూడో అధ్యాయంలో గానీ తేలదు.
తనుండే చింతచెట్టుని ట్రంకురోడ్డు వెడల్పులో కొట్టేశారు.
పరిహారం చెట్టు ఓనరుకి ముట్టింది.
అద్దెకున్నోళ్లకి రూలు లేదన్నారు.
ఇప్పుడు మాగుంట లేఔట్లో ఒక లిఫ్టులో ఉంటుండాది,
మూడో అంతస్తుకీ నాలుగుకీ మధ్యన.
కరెంటు పోతే ఆమెకి సెలవు.

దయ్యం మనల్ని భయపెడితే అది ఇంకొకరి పుస్తకం.
ఆధార్ కార్డు లేక దయ్యానికి
గ్యాసు కనెక్షను రాకపోతే, అది నాది.
జొన్నవాడ బస్సు బోర్డు కనపడితే చాలు
చెంగమ్మ గబగబా ఆటో పిలుస్తాది.
బేరమాడతాది, ఓడిపోతాది.
నెల్లూరు ఆటోవాళ్ల మీద గెలిచిన దయ్యాన్ని
నేనింతవరకూ ఊహించలేకపోయినా.

చిన్నబజార్లో చెప్పుల కొట్టు.
మస్తానయ్య, ముప్పై నాలుగేళ్లు, ఎడం చెవి వినపడదు.
పీట మీద కూర్చుని ఆమె పాదం చేతిలోకి తీసుకున్నాడు.
మడమ ముందుకి, వేళ్లు వెనక్కి.
పది రోజులు రాసినా,
పది రోజులూ అతను కేక పెడతానే ఉన్నాడు.
పదకొండో రోజు, "ఆరో నంబరా మేడమ్, ఏడా?" అన్నాడు.
అప్పుడు పెన్ను కింద పెట్టి
నేను పోయి టీ పెట్టుకున్నా.

గోడలోంచి దూరడం ఏముందే,
ఒక ఫుల్‌స్టాపు పని.
ఇద్దరూ బల్ల మీద పక్కపక్కన కూర్చుని
నిమ్మసోడా తాగడం రాయి చూద్దాం.
గాజు గ్లాసు ఆమె వేళ్లలోంచి జారిపోతుంటే
అతను కింద చెయ్యి పెట్టి ఉంచడం,
చూడనట్టు, వేరే ఏదో మాట్లాడుతూ.
నాకు అక్కడే చెయ్యి వణుకుతాది.

జోకు సంగతా?
మా అమ్మ చేపల పులుసులో మామిడికాయ ముక్కలేసి దించి
తెల్లారేదాకా ఎవర్నీ గరిటె ముట్టనియ్యదు.
నేను రాసిందీ రాత్రికి మూత పెడతా.
పొద్దునకి నీచు కొడితే పారబోస్తా.
చాలాసార్లు పారబోసినా. మా పిల్లికి కూడా నచ్చలా.

ఒంగోల్లో నా పుస్తకాలేసే కోటిలింగంగారు ఫోన్ చేసి
"అట్ట మీద బొమ్మకి పాదాలు సరిగ్గా తిప్పమ్మా,
చూసేవాళ్లకి బాగుంటాది" అన్నాడు.
రెమ్యూనరేషను తగ్గించమంటే తగ్గిస్తా,
అది మాత్రం కుదరదన్నా.
ఎందుకంటే చివర్న, నీళ్లు లేని పెన్నలో,
బ్రిడ్జి కింద ఇసకలో ఆమె నడిచి పోతాది,
జొన్నవాడ వైపే, ఎవరూ ఈడ్చకుండా, తనంతట తను,
ఆరో నంబరు చెప్పులు చేత్తో పట్టుకుని.
తెల్లారి మస్తానయ్య పోయి చూస్తే
అడుగులన్నీ
తన దగ్గరికి వస్తుండాయి.

టైపు చేసే పిల్లోడు అది చదివి నవ్వాడు,
తర్వాత ముక్కు చీదుకున్నాడు.
ఆ వరస తప్పకూడదు. అంతే నాకు తెలిసింది.

ఇంక నువ్వు అడగబోయేది కూడా తెలుసు.
ఉన్నాడు ఒకడు.
అదే ఇసకలో కోవూరు పక్కకి నడిచి పోయినాడు.
అతని కాళ్లు మామూలువే.
అడుగులు ఎటు పోయినాడో అటే చూపించినాయి.
ఒక్కటన్నా పొరపాటున ఇటు తిరిగిందేమో అని
ఎండెక్కేదాకా చూసినా.

సరే, సోడా తాగి పో.
గ్లాసు గట్టిగా పట్టుకో.